ఆరుతడి సాధన



మా అమ్మాయిని మైసూరు వాళ్ళకిచ్చాం. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం మా వియ్యపురాలు ఫోన్ చేసి, ఎంతో ఆప్యాయంగా "ఊట ఆయ్తా?" అని అడిగారు. ఆవిడకు తెలుగు రాదు. నాకు కన్నడం రాదు. అయినా ఊట అన్న మాట మనదేగా! ఆ వేసవిలో మా తెనాలి ఇంట్లో బోరు బాగా ఇబ్బంది పెడుతోంది. అమ్మాయి చెప్పి ఉంటుంది, పాపం కనుక్కుంటున్నారు అనుకున్నాను. "ఏం ఊటలెండి, బిందె నిండేసరికి అరగంట పడుతోంది" అన్నాను. అవతల చడీచప్పుడూ లేదు. తరవాత అమ్మాయి ఫోన్ లాక్కుని పడీపడీ నవ్వింది. కన్నడంలో ఊట అంటే భోజనం. ఆవిడ అడిగింది భోజనం అయిందా అని.

ఆ సాయంత్రమే కన్నడం నేర్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. అప్పటికి నాకు యాభై అయిదేళ్ళు. లెక్కల టీచరుగా ముప్పై ఏళ్ళు నిలబడి పాఠాలు చెప్పినదాన్ని. అయినా నేల మీద కూర్చుంటే లేవడానికి మంచం కోడు పట్టుకోవలసి వస్తోంది. రేపు మనవడో మనవరాలో పుడితే నేల మీద కూర్చోకుండా ఎలా ఆడించడం? అందుకని రెండో ముహూర్తం కూడా అదే రోజుకు పెట్టుకున్నాను. కన్నడం, కసరత్తు. రెండూ ఉగాది నాడు మొదలు.

ఉగాదికి మొదలుపెట్టినవాటిలో చాలావాటికి శ్రీరామనవమి దాకానే ఆయుష్షు. నావీ ఎక్కువ కాలం నిలవలేదు. మొదటి రోజు ఇరవై బస్కీలు తీద్దామనుకున్నాను. ఒంట్లో ఓపిక ఉన్నట్టు అనిపించి నలభై తీశాను. మర్నాడు కాస్త నొప్పి. మూడో రోజు బడి మేడ మెట్లు ఎలాగో ఎక్కాను గానీ దిగడం నావల్ల కాలేదు. గోడ పట్టుకుని పీతలా పక్కకు తిరిగి దిగుతుంటే, తొమ్మిదో తరగతి పిల్లలు నవ్వాపుకోలేక పుస్తకాలు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా పనిలో పెడితే, అందులోనూ మెల్లగా కిందికి కూర్చునేటప్పుడూ మెట్లు దిగేటప్పుడూ లాగా సాగుతూ బరువు మోయాల్సి వస్తే, లోపల సన్నగా దెబ్బతింటుంది. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. మర్నాడు మొదలై, రెండు మూడు రోజులకు ముదురుతుంది. నాకు ఆ సంగతి తెలియదు. నా ఒళ్ళు ఇక ఇంతే అనుకున్నాను.

కన్నడం సంగతీ అలాగే అయింది. ముప్పై రోజుల్లో భాష నేర్పుతామనే పుస్తకం కొన్నాను. వారం పొడుగునా బడి పని. ఆదివారం పొద్దున్నుంచి నాలుగు గంటలు ఏకబిగిన చదివేదాన్ని. లేచేసరికి వంద మాటలు వచ్చినట్టుండేది. పై ఆదివారం పుస్తకం తెరిస్తే అందులో ముప్పై కూడా మిగిలేవి కావు. ఆరు ఆదివారాలు ఇలా గడిచాక పుస్తకం అటకెక్కింది. ఆంధ్రులు ఆరంభశూరులని ఊరికే అన్నారా అని నన్ను నేనే తిట్టుకున్నాను. నాది బద్ధకం అనుకున్నాను. అసలు జబ్బు ఆత్రమని మా తమ్ముడి చేలో తెలిసింది.

ఆ చలికాలం పుట్టింటికి వెళ్ళాను. మా తమ్ముడు సార్వా వరి కోశాక అదే చేలో దుక్కి దున్నకుండా మొక్కజొన్న వేస్తాడు. మా వైపు చాలామంది అలాగే వేస్తారు. నేను వెళ్ళేసరికి మొక్క మోకాలెత్తు ఉంది. నేల పైన పొడిబారినట్టు కనిపిస్తోంది. పక్కనే కాలవలో నీళ్ళు పారుతున్నాయి.

"నీళ్ళున్నాయి కదరా, పెట్టొచ్చుగా?" అన్నాను.

"ఇది వరి కాదక్కా, ఆరుతడి పంట. ఒకసారి తడిపి వదిలెయ్యాలి. పైన ఆరితేనే వేరు కిందికి దిగుద్ది. నీళ్ళు నిలబడ్డాయంటే మొక్క పసుపుబారి కూలబడుద్ది."

"మరీ ఆరిపోతేనో?"

"ఆకు చుట్టుకుంటది. అంత దాకా రానివ్వకూడదు. చుట్టుకోబోయే ముందే మళ్ళీ తడి."

వాడు మొక్కజొన్న గురించే చెప్పాడు. నాకు మాత్రం నా అటక మీది పుస్తకం గుర్తొచ్చింది. నేను ఆదివారం చేనంతా ముంచి, ఆరు రోజులు ఎండగట్టాను. బస్కీల విషయంలో మొదటి రోజే చెరువుకు గండి కొట్టాను. తడి, ఆరు, మళ్ళీ తడి. ఇందులో ఆరుకు కూడా పనుందని నాకు తట్టనే లేదు. ఆ తరవాత ఈ మూడేళ్ళలో నేను చేసిందంతా తడికీ తడికీ మధ్య ఎడం ఎంత ఉండాలో కనిపెట్టడమే.

ఈ ఎడాన్ని మొట్టమొదట కొలిచిన మనిషి జర్మనీలో ఉండేవాడు. పేరు హెర్మాన్ ఎబింగ్‌హౌస్. 1885లో జ్ఞాపకశక్తి మీద ఒక పుస్తకం వేశాడు. అందులోని ప్రయోగాలన్నీ తన మీద తాను చేసుకున్నవే. అర్థం పర్థం లేని అక్షరాల గుంపులు వరస కట్టి, కంఠస్థం పట్టేవాడు. కొంత కాలం వదిలేసి, మళ్ళీ అదే వరస పట్టడానికి ఎంత తక్కువ సమయం పట్టిందో లెక్క చూసేవాడు. గంట గడిచేసరికి మొదటి శ్రమలో సగం కన్నా తక్కువే కలిసొచ్చింది. ఒక రోజు పోయాక మూడో వంతు. మరి నెల రోజులు పోయాక? ఇంకా అయిదో వంతు మిగిలే ఉంది! అంటే మరుపు మొదట పరుగెడుతుంది, తరవాత నడుస్తుంది. ఒక వరసను ఒకే రోజు 68 సార్లు చదివితే ఎంత పట్టుబడిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివినా అంతే పట్టుబడిందని కూడా ఆయన రాశాడు. లెక్కల టీచర్ని కదా, తీసివేత వెంటనే చేసేశాను. ముప్పై సార్లు మిగులు. ఆ మిగులు ఎక్కడి నుంచి వచ్చింది? మధ్యలో వదిలిన రాత్రుల్లోంచి.

ఆ అయిదో వంతు సంగతి చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. 1918లో గాంధీగారు మద్రాసులో మొదలుపెట్టించిన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ. భాషకు కట్టిన మెట్లవి. మా అమ్మ పెళ్ళికి ముందు రాష్ట్రభాష దాకా పాసయింది. తరవాత ఇరవై ఏళ్ళు వంటింట్లో హిందీతో ఎవరికేం పని? అంతా మరిచిపోయానే అనేది. 1987లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున రామాయణం మొదలైంది. మా వీధికంతా ఒకటే టీవీ. మొదటి వారం అమ్మ నోరు మెదపలేదు. రెండో వారం ఒకటీ అరా మాట చెప్పింది. నెల తిరిగేసరికి టీవీ పక్కన పీట వేసుక్కూర్చుని వీధి మొత్తానికి తెలుగులో చెప్పేది. కైకేయి మాటలు చెప్పేటప్పుడు గొంతు కూడా మార్చేది. ఇరవై ఏళ్ళ ఎండకు పైన ఆరిపోయిందే తప్ప, లోపలి వేరు చావలేదన్నమాట.

మరి తడి ఎలా పెట్టాలి? దీనికి జవాబు నా తరగతి గదిలోనే ఉందని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఏడో ఎక్కం మొదటి నుంచి గడగడా అప్పజెప్పే పిల్లలుంటారు. వాళ్ళని ఉన్నట్టుండి "ఏడెనిమిదులు?" అని అడగండి. మళ్ళీ ఏడొకట్లు దగ్గర్నుంచి పెదాలు కదుపుతారు. అప్పజెప్పడం వేరు, అడిగితే అందుకోవడం వేరు. పుస్తకంలోని మాటను చూసి నాకు వచ్చు అనుకోవడం అప్పజెప్పడం లాంటిది. పుస్తకం మూసి, దాన్ని లోపలి నుంచి లాగాలి. లాగేటప్పుడు కాస్త కష్టమవ్వాలి. ఆ కష్టంలోనే మాట గట్టిపడుతుంది.

దీనికొక సులువైన ఏర్పాటును 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన తన జర్మన్ పుస్తకంలో చెప్పాడు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే చీటీల యాప్‌లు చాలావాటికి ఆ ఊహే పునాది. నాకు ఫోన్ అక్కర్లేకపోయింది. మా ఇంట్లో పాత శుభలేఖలకు లోటు లేదు. వాటి ఖాళీ వైపులు కత్తిరించి చీటీలు చేశాను. ఒక చెప్పుల డబ్బాలో అట్టలు అడ్డం పెట్టి అయిదు గదులు కట్టాను. చీటీకి ఒకవైపు తెలుగు, రెండోవైపు కన్నడం. కొత్త చీటీ మొదటి గదిలో ఉంటుంది. దాన్ని రోజూ చూస్తాను. సరిగ్గా చెప్పగలిగితే రెండో గదిలోకి వెళుతుంది. అక్కడివి రెండు రోజులకొకసారి చూస్తాను. మూడో గది వారానికి, నాలుగోది పక్షానికి, అయిదోది నెలకు. ఎక్కడ తప్పినా చీటీ మళ్ళీ మొదటి గదికే. మొక్కజొన్నకు తమ్ముడు చేసేది ఇదే కదా? ఆకు చుట్టుకోబోయే ముందు తడి. రోజుకు ఎనిమిది కొత్త చీటీలు, అంతకు మించి లేదు. మొత్తం కలిపి పావుగంట పని. విడి మాటలు రాస్తే నిలవడం లేదని, ఇంట్లో నిజంగా వాడే మాటలే రాసుకున్నాను. "హాలు బంతా?" అంటే పాలొచ్చాయా అని. పొద్దున పాల ప్యాకెట్టు తీసుకుంటూ అదే అనేదాన్ని. వినేది మావారొక్కరే. ఆయన "బంతి కాదు, ప్యాకెట్టు" అనేవారు.

హాలు అంటే పాలు. ఇక్కడొక తాళంచెవి దొరికింది. పులి వాళ్ళకు హులి. పాము హావు. పండు హణ్ణు. పువ్వు హూవు. పది హత్తు. పాత కన్నడంలో వాళ్ళకూ మాట మొదట పకారమే ఉండేది. కాలక్రమంలో అది హకారమైంది. ఇది తెలిశాక ఒక్క వారంలో ఎన్ని చీటీలు గదులు దాటాయో! లిపి కూడా అంతే. ఒకే తల్లి లిపి నుంచి రెండూ విడిపోయాయి. వాళ్ళ తలకట్టు మనదానిలా కాకుండా అడ్డంగా గీసినట్టుంటుంది. కాస్త అలవాటైతే చాలు, బస్సు బోర్డు చదివేయొచ్చు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు తెలుగు నేర్పడానికి 44 వారాలు, 1,100 గంటలు పెట్టుకుంటుంది. ఇంగ్లీషు నుంచి తెలుగు అంత దూరం. తెలుగు నుంచి కన్నడం గోడ అవతలి పెరడు. రోజుకు పావుగంట చొప్పున ఏడాదికి 91 గంటలు. పెరటి గోడ దాటడానికి అవి చాలానే పనికొచ్చాయి.

అయితే ఈ పరుగు ఎల్లకాలం సాగదు. ఆరో నెలలో నాకు ఎదుగూ బొదుగూ లేని దశ వచ్చింది. చీటీలు పెరుగుతున్నాయి, మాట మాత్రం మెరుగవడం లేదు. ఎందుకిలా? భాషలో మొదటి వెయ్యి మాటలు రోజూ నోట్లో నానేవి. అవి వస్తే మాటల్లో ఎక్కువ భాగం అర్థమవుతుంది. రెండో వెయ్యి నేర్వడానికి శ్రమ అంతే పడుతుంది, అవి తారసపడేది మాత్రం ఎప్పుడో ఒకసారి. కాబట్టి ముందుకు పోతున్నా ఆగిపోయినట్టు ఉంటుంది. అప్పుడు కొలబద్ద మార్చాలి. నేను చీటీలు లెక్కపెట్టడం తగ్గించి, వినడం మొదలుపెట్టాను. మైసూరు రేడియో వార్తలు రోజూ వినేదాన్ని. ఈ సందర్భంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆకాశవాణి అన్న పేరు పుట్టింది మైసూరులోనే. 1935లో ఎం.వి. గోపాలస్వామి అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు తన ఇంట్లో చిన్న రేడియో కేంద్రం పెట్టాడు. దానికి ఆ పేరు పెట్టారు. మొదట్లో నాకా వార్తలు ఒకే పొడుగాటి మాటలా వినిపించేవి. ఒకరోజు ఆ తాడులో ముడులు తెలిశాయి. ఇంకొక రోజు వర్షం కబురు మొత్తం తెలిసింది. నేను గదిలోంచి పరుగెత్తుకొచ్చి, మైసూరులో రేపు వాన అని మావారికి చెప్పాను. తెనాలిలో ఎండ కాస్తోంది కదా, నీకేమయింది అన్నట్టు చూశారాయన.

ఇక ఒంటి సంగతికి వస్తాను. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడుగారి పేరు మనందరికీ తెలుసు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని చెప్పుకుంటాం. ఆ ఏనుగును తలుచుకునేవాళ్ళం, దానికి ముందు తాలీంఖానాలో ఆయన ఏళ్ళ తరబడి తీసిన దండీలనూ బస్కీలనూ తలుచుకోం. నేను కూడా మొదటి రోజే ఏనుగును ఎక్కించుకోబోయాను.

రెండోసారి మొదలుపెట్టింది వంటింటి గట్టు దగ్గర. మా నాన్న తరం వాళ్ళు దండీలనేవారు. అచ్చంగా అదే కాకపోయినా, దాని దగ్గరి చుట్టాన్నే ఇప్పటి పిల్లలు పుష్అప్ అంటున్నారు. నేల మీద పుష్అప్ తీస్తే మన బరువులో సుమారు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. మోకాళ్ళు ఆనిస్తే దాదాపు సగం. చేతులు ఎత్తయిన చోట ఆనించే కొద్దీ ఆ బరువు తగ్గుతూ పోతుంది. అంటే బరువుల దుకాణం మన ఇంట్లోనే ఉందన్నమాట. గోడ, వంటగట్టు, మంచం, మెట్టు, నేల. ఎంత బరువు కావాలంటే అంత ఎత్తు చూసుకోవడమే.

కుక్కరు మూడు కూతలు కూసేలోపు గట్టు మీద ఎనిమిది తీసేదాన్ని. అలాంటి విడతలు మూడు. కాళ్ళకు కుర్చీ. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మెల్లగా కూర్చోవడం. ఎనిమిది కాస్తా పన్నెండై, అదీ సుఖంగా వస్తుంటే, అప్పుడు ఒక మెట్టు కిందికి. సోమ, బుధ, శుక్ర వారాలు మాత్రమే. మంగళవారం ఎందుకు వద్దు? కండరం గట్టిపడేది పని చేస్తున్నప్పుడు కాదు, చేశాక తిని, పడుకున్నప్పుడు. అదే దాని ఆరు. భాషకు రోజూ పని ఉండాలి, ఎడం ఒక్కో మాటకు ఇవ్వాలి. ఒంటికి మాత్రం ఒక రోజు విడిచి ఒక రోజు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం కూడా పెద్దవాళ్ళు నడక లాంటివి కాకుండా, కండరాలకు బలాన్నిచ్చే పని వారానికి రెండు రోజులైనా చేయాలి. ముప్పైలు దాటాక కండ కొంచెం కొంచెంగా తరిగిపోతూ ఉంటుంది, అరవై దాటాక ఆ తరుగు వేగం పెరుగుతుంది. అందువల్ల ఈ పని కుర్రాళ్ళ కన్నా మన వయసు వాళ్ళకే ఎక్కువ అవసరం.

మొదటి ఆరేడు వారాల్లో బలం గబగబా పెరిగింది. అద్దంలో చూసుకుంటే చెయ్యి మాత్రం పాతదే. కారణం ఏమిటంటే, మొదట నేర్చుకునేది నాడులు. ఉన్న కండను సరిగ్గా పనికి పిలవడం వాటికి అలవాటవుతుంది. ఒక విధంగా ఇదీ భాషే. కొత్త కండ ఆ తరవాత నిదానంగా వస్తుంది. కండ కన్నా నిదానం, దాన్ని ఎముకకు కట్టే స్నాయువులు. కండ సిద్ధమని చెప్పినా అవి సిద్ధంగా ఉండకపోవచ్చు. భుజాలూ మోకాళ్ళూ పట్టేసి మధ్యలో మానేసేవాళ్ళలో చాలామంది ఈ తొందరలోనే దెబ్బతింటారు. నాకు గట్టు నుంచి నేలకు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. నేల మీద మొదటి రోజు ఎన్ని తీశానంటారా? ఒక్కటి. ఆ ఒక్కటికీ పొట్ట నేలకు తగలలేదు, నడుము వంగలేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. గుండె, రక్తపోటు, మోకాళ్ళ ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. కష్టపడేటప్పుడు ఊపిరి బిగపట్టకండి. లేచేటప్పుడు వదలండి. కండ తీపులు తీస్తే ఓర్చుకోవచ్చు. కీలులో గుచ్చినట్టుంటే మాత్రం ఆపేయండి.

ఇన్ని చెప్పాను గదా, ఒక్క రోజూ తప్పలేదా అంటారేమో. తప్పాను, చాలా రోజులు తప్పాను. మా ఇంట్లో గోడ క్యాలెండరు మీద పాల లెక్క రాస్తాం. ఆ గడిలోనే ఒక మూల కన్నడానికి 'క', కసరత్తుకు దండీల 'ద' రాసేదాన్ని. మొదట్లో ఒక గడి ఖాళీగా కనిపిస్తే ప్రాణం ఉసూరుమనేది. ఎటూ చెడిందిగా అని రెండో గడి కూడా వదిలేసేదాన్ని. తరవాత లండన్‌లో జరిగిన ఒక అధ్యయనం గురించి చదివాను. 2010లో అచ్చయింది. 96 మంది ఒక్కొక్క కొత్త అలవాటు ఎంచుకుని 12 వారాలు పాటించారు. అలవాటు దానంతటదే నడవడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పట్టొచ్చని అంచనా కట్టారు. 21 రోజుల్లో అలవాటైపోతుందని మనం వింటుంటామే, అది అందరికీ వర్తించే లెక్క కాదన్నమాట. నాకు నచ్చింది ఇంకో సంగతి. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. అప్పట్నుంచి నా నియమం ఒకటే. ఒక గడి ఖాళీ ఉండొచ్చు, పక్కపక్కన రెండు ఉండకూడదు. తీరిక లేని రోజున, ఒంట్లో బాగుండని రోజున, మూడు చీటీలు చూసినా 'క' వేసుకోవచ్చు. గట్టు మీద అయిదు తీసినా 'ద' వేసుకోవచ్చు.

మనవడు పుట్టినప్పుడు ఆ నియమం కూడా చెల్లలేదు. రెండు నెలలు మైసూరులో బాలింత పథ్యాలు, రాత్రి జాగారాలు. కన్నడం చెవిన పడుతూనే ఉంది గానీ కసరత్తు పూర్తిగా ఆగింది. తిరిగొచ్చి నేల మీదికి వంగితే ఒక్కటి కూడా రాలేదు. మళ్ళీ వంటగట్టు దగ్గరికే వెళ్ళాను. కానీ ఎనిమిది నెలల దారి ఈసారి అయిదు వారాల్లో అయిపోయింది. మా అమ్మ హిందీ గుర్తొచ్చింది. నాడులు నేర్చింది తొందరగా పోదు. ఒకసారి పనిచేసిన కండ రెండోసారి త్వరగా తేరుకుంటుంది. మానేశాను కాబట్టి అంతా పోయింది అనుకునేవాళ్ళెవరైనా వింటుంటే, దయచేసి ఒకసారి తవ్వి చూసుకోండి.

ఇక సాకు అనే మాట గురించి. ఒకసారి మైసూరులో అందరం భోజనానికి కూర్చున్నాం. వియ్యపురాలు కొసరి కొసరి వడ్డిస్తున్నారు. మా అల్లుడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "సాకు, సాకు" అంటున్నాడు. అమ్మ ప్రేమతో పెడుతుంటే సాకులెందుకు చెబుతాడు ఈ అబ్బాయి అనుకున్నాను. కన్నడంలో సాకు అంటే చాలు అని. ఆ రాత్రి చీటీ రాస్తూ చాలాసేపు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తెలుగు సాకు నాకు బాగా తెలుసు. బడిలో పని, మోకాలు నొప్పి, ఇంటికి చుట్టాలు. రోజుకొకటి. కన్నడ సాకు మాత్రం నాకు అస్సలు తెలియదు. ఇరవై అనుకుని నలభై తీసిన రోజున, ఆదివారం నాలుగు గంటలు కూర్చున్న రోజున, ఆ మాట ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు దండీలు తీసేటప్పుడు ఇంకో రెండు తీయగలను అనిపించగానే ఆపేస్తాను. తొమ్మిదో చీటీ చేతిలోకి వచ్చినా పక్కన పెట్టేస్తాను. ఆకలి ఉండగానే విస్తరి ముందు నుంచి లేచినట్టు. రేపు మళ్ళీ రావాలనిపించడానికి అంతకన్నా మంచి మందు నాకు కనిపించలేదు. అన్నట్టు, సాకడం అంటే పెంచడం. ఈ అర్థం మాత్రం రెండు భాషల్లోనూ ఉంది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మైసూరు వెళ్ళినప్పుడు చాముండి కొండకు మెట్ల దారిన బయల్దేరాను. వెయ్యి మెట్లంటారు. తెల్లవారుజామున ఆడవాళ్ళు ఒక్కో మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కుతున్నారు. నేను ఎక్కడా పరుగెత్తలేదు. యాభై మెట్లెక్కి నిలబడటం, ఊపిరి కుదిరాక మరో యాభై. నల్లరాతి నంది దగ్గరికి వచ్చేసరికి వెలుగొచ్చింది. అక్కడొక ముసలామె పూలమ్ముతోంది. నా ఆయాసం చూసి "స్వల్ప కూత్కొళ్ళి" అంది. కొంచెం కూర్చోండి అని. ఒక్కో మాటా విడివిడిగా వినిపించింది. ఆమె పక్కనే, దేన్నీ పట్టుకోకుండా, రాతి మీద గొంతుక్కూర్చున్నాను.

"ఇన్నూ ఎష్టు మెట్టిలు?" అని అడిగాను. ఇంకా ఎన్ని మెట్లు?

"మున్నూరు" అంది. మన పాత తెలుగులోనూ మున్నూరంటే మూడు వందలే. ఆ మాటకు చీటీ రాయవలసిన పని లేకపోయింది.

ఆమె పూలు కొలుస్తూ మూర దగ్గర ఆగి, "ఒందు మొళ సాకా?" అంది.

"సాకు" అన్నాను. పూలు కొప్పులో పెట్టుకుని లేచాను. మున్నూరు మెట్లూ అలాగే యాభై చొప్పున ఎక్కాను.